ఒక మిషను, ఇద్దరు కోడళ్ళు

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో "కోడలా" అని పిలిచే గొంతే లేదు. అయినా వీధివాళ్ళకు వాళ్ళిద్దరూ పెద్దకోడలు, చిన్నకోడలే. చిన్నకోడలికి జుట్టు సగం నెరిసింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, కళ్ళజోడు లేకపోతే సూదిలోకి దారం ఎక్కదు. అయినా ఆవిడ చిన్నదే. ఎక్కడైనా పేరు చెప్పాల్సి వస్తే ఒక్క క్షణం తడుముకుని మరీ చెప్పేది. పిలిచేవాళ్ళు లేక పేరుకు అంత తుప్పు పట్టింది.

ఈ కథ మొదలయ్యేనాటికి వాళ్ళ మేడమీది గదిలో చిన్నకోడలు ఒక్కతే ఉంటోంది. కిటికీ పక్కన పాత తొక్కుడు మిషను ఉంది. ఎదురు గోడకు కొత్త కరెంటు మిషను, దాని మీద ఒక పాత దుప్పటి. రెండింటి మధ్య నేలంతా ఆసుపత్రి బట్టల కుప్ప. రోగులు వేసుకునే గౌన్లు అవి. ముందు వైపు మూసి, వెనక వైపు తెరిచి, మెడ దగ్గర ఒక జత, నడుము దగ్గర ఒక జత నాడాలు కుట్టాలి. ఇంతకంటే తేలికపని ఉంటుందా అనే మహానుభావులను ఒక్క పూట ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలి. అదే లేతనీలం గుడ్డ, అదే కొలత, అదే కుట్టు. మనసు ఏ సందులోనో తిరిగి వచ్చేసరికి ఎడమచెయ్యి వెళ్ళి కుడివైపు అతుక్కుని ఉంటుంది.

చిన్నకోడలు వెలుతురు రాగానే మిషను ఎక్కేది. ఎక్కితే దిగేది కాదు. పక్కన పెట్టుకున్న టీ మీద తరక కట్టేది. కాళ్ళు తిమ్మిరెక్కి, మెడ కొయ్యబారి, కళ్ళ ముందు నీలం గుడ్డ ఈదుతున్నా తొక్కుతూనే ఉండేది. కింది వాటా ఆవిడ మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్ళతోనూ "ఏం కష్టపడుతుందమ్మా, చీమ కూడా అంత కష్టపడదు" అని చెప్పేది. పాపం ఆవిడకేం తెలుసు. కష్టపడడం వేరు, పని తెమలడం వేరు. చిన్నకోడలు పొద్దున కుట్టినదాంట్లో సగం సాయంత్రం విప్పుకునేది. విప్పి మళ్ళీ కుట్టినది ఇంకా వంకరగా వచ్చేది. రోజంతా గానుగెద్దులా తిరిగినా కుప్ప మాత్రం ఉన్నచోటే ఉండేది.

దాని ఫలితం ఒకరోజు ఆసుపత్రి స్టోరులో బయటపడింది.

స్టోరు చూసే పెద్దమనిషి నెమ్మదస్తుడు. కోడళ్ళిద్దరూ కుట్టిన బట్టలు ఏళ్ళ తరబడి అందుకుంటున్నవాడు. ఆ రోజు కట్ట విప్పి, పైనున్న గౌనును చేతి ముక్క పట్టుకుని ఎత్తాడు. గౌను బల్ల మీదే ఉండిపోయింది. చేతి ముక్క ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన దాన్నోసారి, గౌనునోసారి చూశాడు. రెండోది ఎత్తాడు. దాని భుజం నోరు తెరుచుకుంది.

చిన్నకోడలికి ఒక్క చూపుతో అర్థమైపోయింది. మిషను కడుపులో బాబిన్ అని ఒక చిన్న చక్రం ఉంటుంది. పైనుంచి సూది తెచ్చే దారాన్ని కింద పట్టి ముడి వేసేది ఆ చక్రంలోని దారమే. అది అయిపోయినా సూది ఆగదు, గుచ్చుతూనే పోతుంది. చూసేవాళ్ళకు కుట్టు పడుతున్నట్టే ఉంటుంది, కింద పట్టుకునే దారం మాత్రం ఉండదు. నేర్చుకునే పిల్లలు చేసే తప్పు అది. అది కూడా ఒక జానెడు కుట్టగానే పట్టుకుంటారు. ఆవిడ వరసబెట్టి గౌన్లకు గౌన్లే అలా కుట్టుకుంటూ పోయింది.

"అమ్మా, మీ ఇద్దరంటే నాకు గౌరవం," అన్నాడాయన చేతి ముక్కను మడత పెడుతూ. "కానీ ఇది రేపు ఏ రోగి ఒంటిమీదో ఊడితే ముందు ఊడేది నా ఉద్యోగం. పైవాళ్ళు ఎప్పట్నుంచో ఈ పని కంపెనీకి ఇచ్చెయ్యమంటున్నారు. నేనే నెట్టుకొస్తున్నా. ఈ ఒక్క విడత చూస్తాను. దీంట్లో కూడా ఇలాగే వస్తే ఇక నా చేతిలో ఏం లేదు."

"రాదండి. ఈసారి రాదు."

"పెద్దావిడ ఎలా ఉన్నారు? ఊరినుంచి వచ్చేశారా?"

"వస్తుంది. ఇవాళో రేపో వచ్చేస్తుంది," అంది చిన్నకోడలు.

అబద్ధం ఆడిన బరువుతో, ఊడిన గౌన్ల బరువుతో మెట్లెక్కింది. ఆ పని పోతే తిండికి లోటు వస్తుందని కాదు ఆవిడ భయం. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ గౌన్లు కూడా పోతే పొద్దున్నే మంచం దిగడానికి ఆవిడకంటూ ఒక్క కారణం మిగలదు. కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చోవడమే. ఎదురింటి మేడ మీద ఒక ముసలాయన అలా కూర్చునే ఉంటాడు. ఆయన్ని చూసినప్పుడల్లా ఆవిడ గబుక్కున తల తిప్పుకునేది.

ఇంత చెయ్యి తిరిగిన మనిషికి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆ తొక్కుడు మిషను అత్తగారిది. ఇద్దరు కోడళ్ళకూ ఆవిడే పని నేర్పింది. ఆవిడ పోయాక మిగిలింది ఒక మిషను, ఇద్దరు కుట్టేవాళ్ళు. భర్తలు అన్నదమ్ములు, వాళ్ళు కూడా పని పంచుకున్నవాళ్ళే: పెద్దాయన చేసేవాడు, చిన్నాయన చూసేవాడు. కాబట్టి కుట్టుపని ఇద్దరు ఆడవాళ్ళకూ అవసరమైంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని వీధంతా చెవులు కొరుక్కుంది. వాళ్ళ ముచ్చట తీరేలా మొదట్లో రోజూ కీచులాటే. నేను ఎక్కిన మిషను నువ్వెలా ఎక్కుతావంటే, నేను సర్దిన సూది నువ్వెలా మారుస్తావని.

ఒకరోజు పెద్దకోడలు తేల్చేసింది. "చూడు పిల్లా, రోజూ గొడవలు నావల్ల కాదు. ఒక నియమం పెట్టుకుందాం. ఎవరెక్కినా సరే, బాబిన్‌లో దారం అయిపోగానే దిగాలి. కుట్టు సగంలో ఉన్నా దిగాలి. రెండోవాళ్ళు ఎక్కి దారం చుట్టుకుని అందుకోవాలి. ఇంకో మాట. దిగినవాళ్ళు పని ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా ఏం చెయ్యాలి?"

"నీ ఇష్టం. పడుకో, టీ తాగు, పోట్లాడు. గుడ్డ ముట్టుకున్నావంటే మాత్రం చెయ్యి విరిచేస్తా."

పెత్తనం చెయ్యడానికి పుట్టింది మహాతల్లి అని చిన్నకోడలు ఆ రోజు గొణుక్కుంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం పెద్దకోడలు. నియమం నిలబడింది. నిలబడ్డాక విచిత్రం ఏమిటంటే, పని పరుగెత్తింది. ఎక్కినవాళ్ళకు తెలుసు, ఈ దారం ఉన్నంతసేపే తన వంతని. అందుకని కళ్ళు కుట్టు మీంచి కదిలేవి కావు, మనసు సందుల్లోకి పోయేది కాదు. దిగినవాళ్ళు కాళ్ళు చాచుకుని, కళ్ళు మూసి తెరిచి, మళ్ళీ ఎక్కేసరికి కొత్త మనుషుల్లా ఉండేవాళ్ళు. విప్పి కుట్టడమన్న మాటే లేదు. స్టోరు పెద్దమనిషి ఒకసారి, "ఎన్ని మిషన్లున్నాయమ్మా మీకు?" అని అడిగితే ఇద్దరూ మెట్లు దిగిందాకా నవ్వుకున్నారు.

దిగినవాళ్ళది మాట వంతు, ఎక్కినవాళ్ళది ఊకొట్టే వంతు. అలా సగం సగం చెప్పుకుంటూనే ఒకరి కడుపులోది ఒకరికి తెలిసిపోయింది. చిన్నకోడలు మంచం మీద ఒత్తిగిలి అక్క చేతులు చూస్తూ మాట్లాడేది. పెద్దకోడలి చేతులు గుడ్డను తోసేవి కావు. దారి చూపించేవి, గుడ్డే నడిచేది. భర్తలిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయిన రోజుల్లో కూడా మిషను ఆగలేదు. ఒకరు ఏడుస్తుంటే ఒకరు కుట్టారు.

అలాంటిది, కొత్త మిషను కొన్నది చిన్నకోడలే. దురుద్దేశంతో కాదు. అక్కకు కాళ్ళు వాస్తున్నాయి, తొక్కలేకపోతోంది, కరెంటు మిషనైతే కాలితో ఊరికే నొక్కితే చాలు అనుకుంది. దాంతోపాటు లోకంలో అందరూ వేసుకునే తెలివితక్కువ లెక్క ఆవిడా వేసుకుంది. ఒక మిషను ఇంత కుడితే రెండు మిషన్లు దానికి రెట్టింపు కుడతాయి కదా!

పెద్దకోడలు ఆ మిషనును చుట్టూ తిరిగి చూసింది. "బాగుంది. మరి దిగేదెప్పుడే?"

"దిగడమెందుకక్కా? ఎవరి మిషను వాళ్ళకుందిగా."

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు, నాలుగు రోజులు ముచ్చటగానే గడిచాయి. కరెంటు తీగ అందేది ఎదురు గోడ దగ్గరే. కాబట్టి పెద్దకోడలు అటు తిరిగి కూర్చుంది, చిన్నకోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వీపుకు వీపు. రెండు మిషన్ల రొదలో మాట వినపడేది కాదు, అరిస్తే ఏమిటని ఇద్దరూ ఆపాల్సి వచ్చేది. దాంతో మాటలు తగ్గాయి. దారం అయిపోతే ఎవరికి వాళ్ళు చుట్టుకుని కొనసాగించడమే. దిగమనేవాళ్ళు లేరు. అంతవరకూ గదిలో ఉన్నది ఒకటే కుప్ప, అది మన కుప్ప. ఇప్పుడు నీ కుప్ప, నా కుప్ప అయ్యాయి. కుప్పలు రెండైనచోట కళ్ళు ఊరుకుంటాయా? ఎవరిది పెద్దది, ఎవరిది చిన్నదని కొలుచుకోవడం మొదలైంది. ఇద్దరూ రోజంతా దిగకుండా కుట్టారు. ఇద్దరికీ తప్పులొచ్చాయి. పని ముందుకంటే తగ్గింది.

పెద్దకోడలి కుప్ప మరీ చిన్నదైపోతూ వచ్చింది. ఒక సాయంత్రం కట్ట కడుతూ చిన్నకోడలు విసుగ్గా అనేసింది: "రెండు మిషన్లుండీ ఏం లాభం? ఒక్కదాని పనే అవుతోంది. ఆ ఒక్కదాన్నీ నేనే."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పెద్దకోడలు వెనక్కి తిరగలేదు. చేతిలో ఉన్న గౌనుకు చివరి నాడా కుట్టింది, దారం తెంపింది, మిషను మీద దుప్పటి కప్పింది. పొద్దున్నే వేరే ఊళ్ళో ఉన్న కూతురికి ఫోన్ చేసి రమ్మంది. వెళ్తూ వెళ్తూ, "కొలతలన్నీ నీకు తెలిసినవే. జాగ్రత్త," అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేదని చిన్నకోడలు తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

అదీ జరిగింది. ఇక ఫోన్ చేద్దామంటే పౌరుషం అడ్డమొచ్చేది. అటునుంచి కూడా రాలేదు, అక్కడా పౌరుషానికి కరువు లేదు.

ఒంటరిగా ఉన్న మొదటి రోజుల్లో చిన్నకోడలు పాత పద్ధతే పట్టుకోవాలని చూసింది. కుందేలుకు మూడు కాళ్ళన్న మనిషి చెప్పినదాంట్లో నిజముందని ఆవిడకు తెలుసు. దారం అయిపోగానే దిగింది. మంచం మీద నడుం వాల్చింది. వాల్చగానే గదంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు మిషను దిగిందో! ఒక్కసారి కూడా చప్పుడు ఆగలేదు. తను దిగితే అక్క ఎక్కేది, చక్రం నడుస్తూనే ఉండేది. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకోవడమే విశ్రాంతి అని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తను ఆగితే అన్నీ ఆగిపోతున్నాయి. గోడలు దగ్గరికి వస్తున్నట్టుంది. పోయినవాళ్ళందరూ గుర్తొస్తున్నారు. లేచి మళ్ళీ మిషను ఎక్కేసింది. ఆ తర్వాత దిగడమే మానేసింది. వీధివాళ్ళు కష్టమనుకున్నది కష్టం కాదు, భయం.

స్టోరు నుంచి వచ్చిన మర్నాడు ఆవిడ కొత్త విడత గుడ్డ ముట్టుకోలేదు. గదికి తాళం వేసి, బస్సెక్కి, పెద్దకోడలి కూతురు ఉండే ఊరు వెళ్ళింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. తలుపు తెరవగానే అంతా మర్చిపోయింది.

"పిన్నీ! ఒక్క మాట చెప్పి రావచ్చుగా, బస్సు దగ్గరికి వచ్చేదాన్ని," అంది కూతురు. మంచిపిల్ల. తల్లిని నెత్తిన పెట్టుకుని చూసుకుంటోంది. "అమ్మకు పూర్తి రెస్ట్ పిన్నీ. ఇన్నేళ్ళూ చేసింది చాలదూ? పూచికపుల్ల కూడా కదపనివ్వట్లేదు నేను."

పెద్దకోడలు వెనక వసారాలో, మెత్తటి దిండ్లున్న కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒక గోడ. మనిషి ఒళ్ళు చేసింది, ముఖంలో కళ లేదు. చిన్నకోడల్ని చూసి, "వచ్చావా," అంది. అంతే. ఇద్దరూ కాసేపు గోడను చూశారు.

కూతురు టీ తెచ్చి ఇచ్చింది. పెద్దకోడలు గ్లాసు అందుకోలేదు, పక్కన పెట్టమంది. కూతురు లోపలికి పోయిందాకా ఆగి, అప్పుడు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఎత్తింది. చేతులు రెండూ వణుకుతున్నాయి. టీ తొణికి ఒళ్ళో పడింది.

చిన్నకోడలు కొంగుతో ఆ టీ తుడిచింది. "ఎప్పట్నుంచక్కా ఇది?"

"నువ్వు కొత్త మిషను తెచ్చావు చూడు, ఆ తర్వాతే మొదలైంది."

"అంటే అక్కడుండగానే? నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చూస్తావనుకున్నానే," అంది పెద్దకోడలు.

ఆ మాట చిన్నకోడల్ని నిలువునా కోసేసింది. ఏళ్ళ తరబడి మంచం మీద పడుకుని చూసిన చేతులు అవి. వేలి మీద మచ్చ ఎక్కడుందో కూడా తెలుసు. వీపుకు వీపు పెట్టుకుని కూర్చున్నాక ఆ చేతుల వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. కుప్పను మాత్రం చూసింది. వణికే చేతులతో, పరుగెత్తే మిషను మీద ఆ మనిషి అన్ని గౌన్లు ఎలా కుట్టిందో, ఎంత భయపడుతూ కుట్టిందో! ఆ మనిషినే కదా తను ఆ మాట అన్నది.

"తప్పయిపోయిందక్కా," అంది ఏడుస్తూ.

"ఏడిచావులే. ముక్కు తుడుచుకో, పిల్ల చూస్తే నేనేదో అన్నాననుకుంటుంది." పెద్దకోడలు గ్లాసు కింద పెట్టింది. "చూశావుగా, ఎంత బాగా చూసుకుంటోందో. లేవనివ్వదు, వంగనివ్వదు. ఇంత బాగా చూసుకుంటే మనిషి ఎన్నాళ్ళు బతుకుతుందంటావ్?"

"నాతో వచ్చెయ్."

"వచ్చి ఏం చెయ్యనే? దారం ఎక్కించలేను, గుడ్డ పట్టలేను. నీకున్న పనికి తోడు, సాకడానికి ఇంకో మనిషినవుతాను."

"నువ్వు కుట్టద్దు. నేను దిగలేకపోతున్నానక్కా." చిన్నకోడలు ఆ మాట అంతవరకూ తనకు తానే చెప్పుకోలేదు. "దిగితే మిషను ఆగిపోతోంది. ఇంట్లో చప్పుడుండట్లేదు. భయమేసి మళ్ళీ ఎక్కేస్తున్నా. పొద్దుణ్ణుంచీ తొక్కుతూనే ఉంటున్నా, ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. చేతులు ఊడిపోయే గౌన్లు కుట్టానక్కా. దారం లేకుండా కుట్టాను. ఈ విడత కూడా చెడితే పని పోతుంది. నాకింకేముంది?"

పెద్దకోడలు గోడనే చూసింది. తర్వాత లోపలికి కేకేసింది. "అమ్మాయీ! నా సంచీ సర్దు."

కూతురు ఒప్పుకుంటుందా? డాక్టరు ఏమన్నాడు, నువ్వేం చేస్తున్నావు, అక్కడ మెట్లెలా ఎక్కుతావంటూ ఒంటికాలి మీద లేచింది. చివరికి ఆదివారం తనే వచ్చి తీసుకెళ్ళేట్టు ఒప్పందం కుదిరింది. "పిన్నీ, నువ్వు మాటివ్వాలి. అమ్మ చేతులు గుడ్డ ముట్టకూడదు."

"ముట్టనివ్వనమ్మా," అని చిన్నకోడలు మాటిచ్చింది.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, వినేవాళ్ళను ఊరించడం నాకు చేతకాదు. ఆ విడత గౌన్లు స్టోరు పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. ప్రతి చేతి ముక్కనూ పట్టుకుని లాగాడు. ఒక్కటీ ఊడలేదు. "పెద్దావిడ వచ్చేసినట్టున్నారే," అన్నాడు. పని నిలిచింది. ఆదివారం అన్న మాట ప్రకారం కూతురు వచ్చి తల్లిని తీసుకుపోయింది. బస్సు కదిలిందాకా నిలబడి, చిన్నకోడలు ఒంటరిగా మెట్లెక్కింది. ఇప్పటికీ అంతే. పెద్దకోడలు అప్పుడప్పుడూ వస్తుంది, ఉన్న నాలుగు రోజులూ పని పరుగెత్తుతుంది. వెళ్ళిపోయాక కుంటుతుంది. కరెంటు మిషనును కింది వాటా ఆవిడ కూతురికి ఇచ్చేశారు. సుఖాంతమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గది గదే, ఒంటరితనం ఒంటరితనమే.

కానీ ఆ మొదటిసారి వాళ్ళిద్దరూ గదికి తిరిగొచ్చిన మర్నాడు జరిగింది చెప్పాలి.

పొద్దున్నే చిన్నకోడలు మిషను ఎక్కింది. పెద్దకోడలు మంచం మీద కూర్చుని చూస్తోంది. దారం అయిపోయింది. చిన్నకోడలు అలవాటుగా బాబిన్ తీసి మళ్ళీ చుట్టబోయింది.

"దిగు," అంది పెద్దకోడలు.

"ఈ ఒక్క చెయ్యీ అతికించేసి..."

"దిగమన్నానా!"

దిగింది. సగం కుట్టిన గౌను తీసి పక్కన పెట్టింది. చక్రం ఆగింది. మళ్ళీ అదే నిశ్శబ్దం గదిలోకి వచ్చేసింది. చిన్నకోడలు ఏం చెయ్యాలో తెలియక మంచం పక్కన నిలబడింది. కళ్ళు మిషను వైపే పోతున్నాయి.

పెద్దకోడలు నెమ్మదిగా లేచి వెళ్ళి మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. సూదిలోంచి దారం లాగేయబోతే వణికే వేళ్ళకు అది దొరకలేదు. దొరికిందాకా ఊరుకోలేదు. లాగేసింది. గుడ్డను నొక్కి పట్టే పాదాన్ని పైకెత్తింది. అరచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోసి, రెండు కాళ్ళూ తొక్కుడు పలక మీద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది.

"అక్కా! ఏం చేస్తున్నావ్? నేను మాటిచ్చాను!"

"చేతులతో గుడ్డ ముట్టనివ్వనని కదా నువ్విచ్చిన మాట. కాళ్ళ సంగతి మీరెవరూ మాట్లాడుకోలేదు."

"ఖాళీ మిషను తొక్కితే అరిగిపోతుందక్కా."

"అరిగితే అరుగుతుంది. నోరు మూసుకుని, కళ్ళు కూడా మూసుకో."

చిన్నకోడలు పడుకుంది. తొక్కుడు పలక కిందకీ మీదకీ ఊగుతోంది, చక్రం తిరుగుతోంది, గుడ్డా దారమూ లేని సూది ఊరికే గాలిని కుడుతోంది. అక్క వీపు కనబడుతోంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఎన్ని నెలల తర్వాతో ఆ గదిలో తను ఆగినా ఆగని చప్పుడు వినబడుతోంది. చిన్నకోడలికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ ఎండ మంచం దాటి ఎదురు గోడ ఎక్కింది. ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. మిషను ఇంకా నడుస్తోంది. పెద్దకోడలు అలాగే కూర్చుని ఉంది. చీలమండలు పొంగి, కాళ్ళు ఎర్రగా అయిపోయాయి. పక్కన నీళ్ళ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది.

చిన్నకోడలు ఒక్క ఉదుటున లేచింది. "అయ్యో, ఏం మనిషివక్కా! నేను నిద్రపోయాక కూడా తొక్కుతూ కూర్చున్నావా? ఆపెయ్యచ్చుగా!"

పెద్దకోడలు కాళ్ళు తీయకుండానే తల తిప్పింది.

"ఆపితే నువ్వు లేచిపోతావని."